కొత్త వీఆర్ హెడ్‌సెట్: కడుపు తిప్పకుండా అలవాటు చేసుకోవడం ఎలా?

కొత్త వీఆర్ (వర్చువల్ రియాలిటీ) హెడ్‌సెట్, అంటే కళ్లకు పెట్టుకుంటే చుట్టూ ఒక కల్పిత లోకాన్ని చూపించే పరికరం, ఇంటికి రాగానే చాలా ఇళ్లలో జరిగేది ఒకటే. పెట్టె విప్పుతారు, ఛార్జింగ్ అయ్యీ అవ్వకముందే ఎవరో ఒకరు రోలర్ కోస్టర్ పెడతారు. ఐదు నిమిషాల్లో ఒకరికి చెమటలు, ఇంకొకరికి వికారం. వారం తిరిగేసరికి హెడ్‌సెట్ బీరువాలోకి వెళ్లిపోతుంది. "నాకు వీఆర్ పడదు" అనే మాట ఎక్కువగా ఇలాగే పుడుతుంది. నిజానికి పడనిది వీఆర్ కాదు, మొదలుపెట్టిన వరస.

కారణం తెలిస్తే కింద చెప్పే పనులన్నీ ఎందుకో అర్థమవుతాయి. మనం కదులుతున్నామా లేదా అన్నది మెదడుకు రెండు దారుల్లో తెలుస్తుంది: కళ్లు ఒకటి, లోపలి చెవిలో ఉండే సమతుల్యత అవయవం రెండోది. వీఆర్‌లో కంట్రోలర్ (చేతిలో పట్టుకునే పరికరం) మీద బొటనవేలితో తోసే పుల్లను ముందుకు తోసి నడిస్తే, కళ్లు "పరిగెడుతున్నాం" అంటాయి, చెవి "కుర్చీలో కూర్చునే ఉన్నాం" అంటుంది. ఈ తగువు కడుపు మీద పడుతుంది. కదిలే బస్సులో పుస్తకం చదివితే వచ్చే వికారం కూడా ఇదే జాతిది, కాకపోతే తిరగేసి: అక్కడ చెవికి కదలిక తెలుస్తుంది, పేజీ మీదున్న కళ్లకు తెలియదు.

ఒకప్పుడు దీనికి తోడు ఇంకో బాధ ఉండేది. 1968లో అమెరికన్ కంప్యూటర్ శాస్త్రవేత్త ఐవన్ సదర్లాండ్ తయారుచేసిన హెడ్‌సెట్‌లో తల ఎటు తిరిగిందో కనిపెట్టే యంత్రాన్ని పైకప్పుకు వేలాడదీయాల్సి వచ్చింది. ఆ తర్వాత కొన్ని దశాబ్దాల పాటు ఈ రంగంలో పనిచేసినవాళ్లను వేధించింది ఆలస్యం: తల తిప్పాక బొమ్మ కాస్త వెనకబడి కదిలేది. ఇప్పుడు ఆ ఆలస్యాన్ని సుమారు 20 మిల్లీసెకన్ల లోపు ఉంచాలన్నది అందరూ పాటించే లక్ష్యం. మంచి హెడ్‌సెట్‌లో తల తిప్పినంత మాత్రాన వికారం రావడం బాగా తగ్గింది. మిగిలింది ప్రధానంగా ఒక్కటే, మీ ఒళ్లు చేయని కదలికను కళ్లకు చూపించడం. దాన్ని మాత్రం ఏ కంపెనీ పూర్తిగా తీసేయలేదు. మీరే జాగ్రత్తగా మోతాదు పెంచుకోవాలి.

1. ముందు చోటు

నిలబడి, నాలుగు అడుగులు వేసి ఆడుకోవడానికి కనీసం 2 మీటర్లకు 2 మీటర్ల ఖాళీ నేల ఉంటే బాగుంటుంది. అంత లేకపోతే ఒక కుర్చీ పట్టేంత చోటు చాలు. కూర్చుని చేసుకునే పనులు కూడా బోలెడన్ని ఉన్నాయి, కాబట్టి చోటు లేదని మానుకోనక్కర్లేదు.

నేల చూసి ఊరుకోకండి, పైకీ చూడండి. చేయి పూర్తిగా ఎత్తి కంట్రోలర్ పట్టుకుంటే ఎంత ఎత్తు వస్తుందో చూసుకోండి. సీలింగ్ ఫ్యాన్, వేలాడే దీపం ఆ ఎత్తులో ఉంటే అక్కడ వద్దు. హెడ్‌సెట్‌లో బౌండరీ, అంటే ఇంతవరకే కదలాలని చూపించే హద్దు, గీసేటప్పుడు గోడ అంచు దాకా గీయడం అందరికీ ఉండే ఆశ. గోడకు ఒక మూరెడు ఇవతలే గీయండి. బౌండరీ గీతలు కనిపించేసరికి మీ చేయి అప్పటికే ఊపులో ఉంటుంది.

నేల మీద, సరిగ్గా మధ్యలో, చిన్న చాప గానీ మెత్తని పట్టా గానీ వేయండి. కాలికి అది తగులుతున్నంతసేపు మీరు మధ్యలోనే ఉన్నారని చూడకుండానే తెలుస్తుంది. ఇంత చవకగా ఇంత పనికొచ్చే సామాను వీఆర్‌లో ఇంకోటి లేదు. అయితే అది జారేది కాకుండా చూసుకోండి.

వెలుతురు సంగతి. ఇప్పటి హెడ్‌సెట్లలో ఎక్కువ భాగం తమ ఒంటి మీద ఉన్న కెమెరాలతో గదిని చూసి, మీరు ఎక్కడున్నారో లెక్కగడతాయి. గది చీకటిగా ఉంటే వాటికి ఏమీ కనబడదు, బొమ్మ ఊగిసలాడుతుంది. పెద్ద అద్దం, మినుకుమినుకుమనే అలంకరణ లైట్లు కూడా వాటిని తికమక పెడతాయి. అద్దం మీద దుప్పటి కప్పండి. మామూలుగా చదువుకోవడానికి సరిపోయే లైటు వేస్తే చాలు. ఈ ఊగిసలాట కూడా వికారానికి దారితీస్తుంది, అందుకే దీన్ని ఇంత ముందుగా చెబుతున్నాను.

2. తలకు పెట్టుకోవడం

ఇక్కడ తొందరపడకండి. బొమ్మ మసకగా ఉందని హెడ్‌సెట్‌ను తిట్టుకునేవాళ్లలో చాలామంది అసలు సరిగా పెట్టుకుని ఉండరు.

ఉదాహరణకు మెటా కంపెనీ క్వెస్ట్ హెడ్‌సెట్లలో ఒకటైన క్వెస్ట్ 3 బరువు 515 గ్రాములు. దాంట్లో ఎక్కువ భాగం ముఖం ముందే ఉంటుంది. ఆ బరువును బుగ్గల మీద మోయకూడదు, తల వెనక భాగం మోయాలి. పట్టీలన్నీ ముందు వదులు చేయండి. హెడ్‌సెట్‌ను ముఖానికి ఆనించి, వెనక పట్టీని పుర్రె కింది అంచున, మెడ మొదలయ్యే చోట గూడులా కూర్చోబెట్టండి. తర్వాత పై పట్టీని బిగించండి, అదే ముందు భాగాన్ని పైకెత్తి పట్టుకుంటుంది. పక్క పట్టీలు చివరన, అది కూడా జారకుండా ఉండేంత మాత్రమే. తీశాక బుగ్గల మీద ఎర్రటి గీతలు పడ్డాయంటే ఎక్కువ బిగించారన్నమాట.

ఇప్పుడు ఏదైనా చిన్న అక్షరాల మెనూ తెరవండి. రెండు చేతులతో హెడ్‌సెట్‌ను మెల్లగా పైకీ కిందికీ జరపండి. ఒక చోట అక్షరాలు చటుక్కున తేటపడతాయి. ఆ స్థానంలోనే ఉంచి పట్టీలు సరిచేయండి. క్వెస్ట్ 2, క్వెస్ట్ 3ఎస్‌లలో ఉండే ఫ్రెనెల్ లెన్సులకు ఈ తేటగా కనిపించే మేర చిన్నది, కొంచెం జారినా మసకబారుతుంది. క్వెస్ట్ 3లో వాడిన పాన్‌కేక్ లెన్సులు ఈ విషయంలో చాలా నయం.

కళ్లజోడు ఉన్నవాళ్లు దాన్ని పెట్టుకునే వాడొచ్చు, కానీ జోడు అద్దం హెడ్‌సెట్ లెన్స్‌కు రాసుకుంటే రెంటికీ గీతలు పడతాయి. పెట్టెలో స్పేసర్ (లెన్స్‌ను కంటికి కొంచెం దూరంగా ఉంచే చట్రం) వస్తే అది తగిలించండి. కొన్ని మోడళ్లలో లెన్స్ దూరం సర్దే బటన్ లోపలే ఉంటుంది. తరచూ వాడేవాళ్లయితే మీ పవర్‌కు తగ్గట్టు లోపల బిగించే లెన్సులు చేయించుకోవడం మేలు. కళ్లజోడు తీయడానికైతే ముందు హెడ్‌సెట్‌ను ముఖం నుంచి ముందుకు లాగి, తర్వాత పైకి ఎత్తండి.

3. కళ్ల మధ్య దూరం

హెడ్‌సెట్‌లోని రెండు లెన్సుల మధ్య దూరాన్ని మీ కళ్లకు తగ్గట్టు సర్దకుండా వదిలేస్తే అరగంటలో కళ్లు లాగుతాయి, కణతల్లో నొప్పి మొదలవుతుంది. రెండు కనుపాపల మధ్య దూరం మనిషికీ మనిషికీ మారుతుంది. పెద్దవాళ్లలో సగటు సుమారు 63 మిల్లీమీటర్లు. ఎక్కువమందికి 54, 74 మధ్యలో ఉంటుంది.

కొలవడం తేలిక. అద్దానికి ఒక జానెడు దూరంలో నిలబడండి. మిల్లీమీటర్ల స్కేలును కనుబొమల మీద అడ్డంగా ఆనించండి. కుడి కన్ను మూసి, స్కేలు మీద సున్నాను ఎడమ కనుపాప మధ్యకు తెచ్చుకోండి. తలగానీ స్కేలుగానీ కదపకుండా ఎడమ కన్ను మూసి కుడి కన్ను తెరవండి. కుడి కనుపాప మధ్యలో ఏ అంకె ఉందో అదే మీ కొలత. రెండు మూడుసార్లు చూసి సగటు తీసుకోండి. కళ్లద్దాల కొట్లో ఎప్పుడైనా పరీక్ష చేయించుకుని ఉంటే వాళ్ల చీటీ మీద ఈ అంకె రాసి ఉండొచ్చు, వెతకండి.

క్వెస్ట్ 3 లాంటి వాటిలో చిన్న చక్రం తిప్పి ఈ దూరం సర్దుకోవచ్చు. క్వెస్ట్ 2, 3ఎస్‌లలో మాత్రం 58, 63, 68 అనే మూడు స్థానాలే ఉన్నాయి, మీ కొలతకు దగ్గర్లో ఉన్నది పెట్టుకోవాలి. ఇంట్లో నలుగురు వాడుతుంటే ఒకరి తర్వాత ఒకరు పెట్టుకున్న ప్రతిసారీ దీన్ని మార్చాలి. ఎవరి అంకె ఎంతో ఒక కాగితం మీద రాసి ఛార్జర్ దగ్గర అంటించేయండి, గొడవ వదిలిపోతుంది.

4. ఏది ముందు, ఏది తర్వాత

అసలు పని ఇదే. స్టోర్‌లో యాప్‌లను ఆటలు, వ్యాయామం, చదువు, సినిమా అని విభజించి పెడతారు. మొదటి నెలలో ఆ విభజన మీకు అక్కరకు రాదు. ప్రతి యాప్‌ను ఒక్క ప్రశ్నతో తూచండి: నా పాదాలు కదలకుండా ఉన్నప్పుడు, నా కాళ్ల కింద నేల కదులుతుందా? దీన్నిబట్టి నాలుగు కుప్పలు వేసుకోవచ్చు.

మొదటి కుప్పలో నేల అసలు కదలదు. మీరు ఒక చోట ఉంటారు, వస్తువులే మీ దగ్గరికి వస్తాయి. గాల్లో బొమ్మలు వేయడం, బల్ల ముందు పజిల్, టేబుల్ టెన్నిస్, పాట దరువుకు తగ్గట్టు ఎదురొచ్చే వాటిని కొట్టే ఆటలు ఇందులోకి వస్తాయి. చివరిది చూడటానికి హడావిడిగా ఉంటుంది గానీ కడుపుకు దాదాపు ఏమీ కాదు. ఎందుకంటే నేల నిలకడగా ఉంది, ఒళ్లు చేసే కదలికే కళ్లకూ కనిపిస్తోంది.

రెండో కుప్పలో మీరు చోటు మారతారు, కానీ మధ్యలో ప్రయాణం కనిపించదు. గదిలో నిజంగా నాలుగడుగులు వేస్తారు, అంతకన్నా దూరం వెళ్లాలంటే నేల మీద ఒక చోటును చూపించి బటన్ వదిలితే అక్కడ ప్రత్యక్షమవుతారు. దీన్నే టెలిపోర్ట్ అంటారు. మ్యూజియంలు, కథ నడిచే ఆటలు చాలావాటిలో ఈ సౌకర్యం ఉంటుంది.

మూడోది వాహనాలు. కారు, విమానం, అంతరిక్ష నౌక. ఇక్కడ బయటి లోకం కదులుతుంది గానీ చుట్టూ కాక్‌పిట్, ఎదురుగా డ్యాష్‌బోర్డ్ మీతో పాటు స్థిరంగా ఉంటాయి. కంటికి ఆ చట్రం ఆసరా. అందుకే కొంతమందికి ఇది ఊహించినంత ఇబ్బంది పెట్టదు. అయితే మెలికల రోడ్డు, పల్టీలు కొట్టే విమానం అయితే మాత్రం నాలుగో కుప్పలో పడేయండి.

నాలుగో కుప్పలో పుల్లతో నడవడం, పరిగెత్తడం, దూకడం, ఎగరడం, రోలర్ కోస్టర్. వీటిలోనూ అన్నీ సమానం కాదు. ఒకే వేగంతో తిన్నగా ముందుకు వెళ్లడాన్ని చాలామంది తట్టుకుంటారు. వేగం మారుతూ ఉండటం, పక్కకు జరగడం, మెట్లు దిగడం, అన్నిటికన్నా ముఖ్యంగా పుల్లతో ఒంటిని నున్నగా గుండ్రంగా తిప్పడం, ఇవి దెబ్బతీస్తాయి.

మొదటి కుప్పలో పూటకు పది పదిహేను నిమిషాలతో మొదలుపెట్టండి. ఏ ఇబ్బందీ లేకుండా అరగంట ఉండగలిగితే రెండో దానికి వెళ్లండి. నాలుగో దాకా వెళ్లాలన్న నియమం ఏమీ లేదు. మొదటి రెండు కుప్పల్లోనే ఏళ్ల తరబడి సంతోషంగా ఉండేవాళ్లు ఉన్నారు, నాకు వాళ్లే తెలివైనవాళ్లనిపిస్తుంది.

మెటా స్టోర్‌లో చాలా యాప్ పేజీల్లో కంఫర్టబుల్ (హాయి), మోడరేట్ (మధ్యస్థం), ఇంటెన్స్ (తీవ్రం) అనే గుర్తుల్లో ఒకటి ఉంటుంది. అది చూడండి, కానీ అదే వేదం అనుకోకండి. రెండు నిమిషాల వీడియో చూసి, నేల కదులుతుందా అన్న ప్రశ్న మీరే వేసుకుంటే సగం సంగతి తేలిపోతుంది.

360 డిగ్రీల వీడియోల గురించి ఒక మాట విడిగా చెప్పాలి. వాటిని చాలామంది "ఊరికే చూడటమేగా" అని మొదటి రోజే పెడతారు. కానీ అవి మీ తల తిప్పడాన్ని మాత్రమే గుర్తిస్తాయి, ముందుకు వంగడాన్ని గుర్తించవు. మీరు వంగితే లోకమంతా మీతోపాటు వంగుతుంది. ఆపైన కెమెరాను డ్రోన్‌కో బైకుకో కట్టి తీసి ఉంటే అది నేరుగా నాలుగో కుప్ప సరుకే. స్టాండ్ మీద నిలిపి తీసినవి ఎంచుకుని, తిరిగే కుర్చీలో వెన్ను ఆనించి కూర్చుని చూడండి. ఫోన్‌ను అట్టపెట్టెలో పెట్టి చూసే పరికరాలకు, అంటే 2014లో వచ్చిన గూగుల్ కార్డ్‌బోర్డ్ తరహావాటికి, ఈ పరిమితి అన్ని యాప్‌లలోనూ ఉంటుంది.

5. సెట్టింగులు మార్చడం

నాలుగో కుప్పలోకి అడుగుపెట్టే ముందు ఆట సెట్టింగుల్లో కంఫర్ట్ అనే భాగం తెరవండి. మూడు మార్పులు చేయాలి.

తిరగడాన్ని స్మూత్ (నున్నగా తిరగడం) నుంచి స్నాప్‌కు మార్చండి. అప్పుడు పుల్ల తోసిన ప్రతిసారీ 30 లేదా 45 డిగ్రీలు ఒక్క దెబ్బలో తిరుగుతారు. చూడటానికి మొరటుగా ఉంటుంది, కానీ మధ్యలో తిరుగుతున్న దృశ్యం కనబడదు కాబట్టి కడుపు ప్రశాంతంగా ఉంటుంది. చోటు ఉంటే ఇంకా మంచిది, పుల్ల వదిలేసి నిజంగానే ఒళ్లు తిప్పండి.

విన్యెట్ అనే సెట్టింగు ఉంటే ఎక్కువలో పెట్టండి. మీరు కదిలినప్పుడు చూపు అంచులన్నీ నల్లబడి, మధ్యలో మాత్రమే కనిపిస్తుంది. ఒళ్లు కదులుతోందన్న భ్రమ ఎక్కువగా కలిగించేది చూపు అంచుల్లో పరిగెత్తే దృశ్యమే. దాన్ని మూసేస్తే భ్రమ బలం తగ్గుతుంది. అలవాటు పడేకొద్దీ దీన్ని కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ రండి.

కూర్చుని ఆడే నడకల ఆటైతే సీటెడ్ మోడ్ పెట్టండి, లేకపోతే మీ ఎత్తు ఆటలో తప్పుగా లెక్కకొస్తుంది. ఇవి కాక, రిఫ్రెష్ రేటు (సెకనుకు బొమ్మ ఎన్నిసార్లు మారుతుందన్న లెక్క) 72, 90, 120 హెర్ట్జ్ అని ఎంచుకునే వీలుంటే మీ పరికరం తడబడకుండా మోయగలిగినంత ఎక్కువ పెట్టుకోండి. తడబడే 120 కన్నా నిలకడైన 90 మేలు. గ్రాఫిక్స్ అందం తగ్గినా పర్లేదు, ఫ్రేములు ఎగరకూడదు.

6. వికారం మొదలైతే

వాంతి వచ్చేదాకా ఎవరూ ఆగనక్కర్లేదు. ముందుగా వచ్చే సూచనలు వేరు: ముఖం వెచ్చబడటం, నుదుటి మీద చెమట, నోట్లో నీళ్లూరడం, ఆవులింతలు, తల బరువెక్కడం. వీటిలో ఏ ఒక్కటి వచ్చినా వెంటనే హెడ్‌సెట్ తీసేయండి. "ఈ లెవెల్ అయ్యాక" అనుకోకండి. ఓర్చుకుంటూ ఉంటే అలవాటవుతుందన్నది తప్పుడు సలహా. అలా చేస్తే హెడ్‌సెట్ చూడగానే వికారం వచ్చేలా మెదడు నేర్చుకునే ప్రమాదం ఉంది. బాగున్నప్పుడే ఆపేస్తూ, మర్నాడు ఇంకొంచెం సేపు ఉంటే తట్టుకునే శక్తి పెరుగుతుంది.

తీశాక కిటికీ దగ్గర కూర్చుని దూరంగా ఉన్న వస్తువును చూడండి, చల్లటి నీళ్లు తాగండి. పూర్తిగా తగ్గేదాకా మళ్లీ పెట్టుకోవద్దు, బండి నడపొద్దు. మర్నాడు ఆడేటప్పుడు ఎదురుగా టేబుల్ ఫ్యాన్ పెట్టి చూడండి. ఒంటికి చల్లదనంతో పాటు గది ఎటువైపు ఉందో చర్మానికి తెలుస్తూ ఉంటుంది. కడుపు నిండా తిన్న వెంటనే, బాగా అలసిపోయినప్పుడు, జలుబుతో చెవులు మూసుకున్నప్పుడు నాలుగో కుప్ప జోలికి పోకండి.

కళ్ల అలసట దీనికి వేరు. హెడ్‌సెట్ లోపల తెర కంటికి అంగుళాల దూరంలో ఉన్నా, లెన్సులు దాన్ని ఒకటి రెండు మీటర్ల దూరంలో ఉన్నట్టు చూపిస్తాయి. ఆ దూరం మారదు. మీరు వీఆర్‌లో ఒక కాగితాన్ని ముక్కు దగ్గరికి తెచ్చుకుంటే, కళ్లు దగ్గరి వస్తువు కోసం లోపలికి తిరుగుతాయి, ఫోకస్ మాత్రం దూరంలోనే ఉండాలి. ఈ లాగుడే నొప్పి. చదవాల్సినవి చేయి చాచినంత దూరంలోనో ఇంకా అవతలో పెట్టుకోండి.

7. కంప్యూటర్‌కు కలిపితే

కంప్యూటర్‌లోని ఆటలను హెడ్‌సెట్‌లో ఆడాలంటే పొడవాటి యూఎస్‌బీ-సీ కేబుల్ గానీ వై-ఫై గానీ కావాలి. వై-ఫై అయితే కంప్యూటర్‌ను రూటర్‌కు ఈథర్‌నెట్ తీగతో కలపండి, హెడ్‌సెట్‌ను మాత్రం 5 లేదా 6 గిగాహెర్ట్జ్ బ్యాండ్ మీద పెట్టండి, రూటర్ అదే గదిలో ఉండాలి. గోడ అడ్డొస్తే కుదుపులు తప్పవు. కొత్తగా కలిపిన రోజు మళ్లీ మొదటి కుప్పలోని ఆటతో పరీక్షించండి. కనెక్షన్ తడబడుతోందా అన్నది అక్కడ తేలాలి.

8. ఇతరులకు చూపించేటప్పుడు

వచ్చినవాళ్లకు రోలర్ కోస్టర్ పెట్టి వాళ్ల కేకలు విని నవ్వుకోవడం సరదాగానే ఉంటుంది. వాళ్లు మళ్లీ హెడ్‌సెట్ ముట్టరు, అంతే. మొదటి కుప్పలోంచి మీరే ఒకటి ఎంచి, ముందే తెరిచి ఇవ్వండి. పట్టీ, కళ్ల దూరం మీరే సర్దండి. కంట్రోలర్ తాడు మణికట్టుకు వేయించండి. వాళ్లు చూస్తున్నది ఫోన్‌లోనో టీవీలోనో కనబడేలా కాస్ట్ చేసుకుంటే ఏ బటన్ నొక్కాలో చెప్పగలుగుతారు. హెడ్‌సెట్‌లో ఉన్న మనిషిని ముట్టుకునే ముందు పేరు పెట్టి పిలవండి. చెప్పకుండా భుజం మీద చేయి వేస్తే మీకే దెబ్బ తగలొచ్చు.

పిల్లల విషయంలో కంపెనీ పెట్టిన వయసు హద్దు పాటించండి. మెటా క్వెస్ట్‌కు పదేళ్లు, అది కూడా పదమూడు నిండేదాకా తల్లిదండ్రులు నడిపే ఖాతాతోనే. సోనీ హెడ్‌సెట్ ప్లేస్టేషన్ వీఆర్2కు పన్నెండేళ్లు. చిన్న పిల్లల కళ్ల మధ్య దూరం తక్కువ, లెన్సులు అంత దగ్గరికి రావు కూడా. మూర్ఛ వ్యాధి ఉన్నవాళ్లు, గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లు, గర్భిణులు ముందు డాక్టర్ని అడగాలి.

9. వాడాక

లెన్సుల మీద ఎండ పడనివ్వకండి. ఆ లెన్సులు సూర్యకాంతిని ఒక చుక్కగా పోగేసి లోపలి తెరను కాల్చేస్తాయి, కాసేపు చాలు. కిటికీ పక్కన బల్ల మీద లెన్సులు పైకి పెట్టి వెళ్లిపోవద్దు, కారు సీట్లో అసలే వద్దు. తుడవడానికి పొడి మైక్రోఫైబర్ గుడ్డ వాడండి. మధ్యలోంచి అంచుకు గుండ్రంగా తిప్పుతూ తుడవాలి. స్పిరిట్, అద్దాలు తుడిచే ద్రవాలు లెన్సు పూతను పాడుచేస్తాయి. ముఖానికి ఆనే మెత్తను మాత్రం ప్రతి మనిషి మారినప్పుడూ తుడవండి, సిలికాన్ తొడుగు వేస్తే పని సులువు. నెలల తరబడి వాడకుండా పక్కన పెట్టేట్టయితే కంట్రోలర్లలోంచి బ్యాటరీ సెల్స్ తీసేసి పెట్టండి.